వైద్యసేవ – వ్యయభారం

రోగికి వైద్యం చేసేది వైద్యుడు. ఆ వైద్యానికయ్యే ఖర్చును భరించేది ఎవరు? ప్రపంచదేశాల ఆరోగ్య వ్యవస్థల మధ్య ప్రధానమైన తేడా ఈ ప్రశ్న వద్దనే కనిపిస్తుంది. శస్త్రచికిత్స లండన్‌లోనైనా నిజామాబాద్‌లోనైనా ఇంచుమించు ఒకటే. మూల్యం చెల్లించే చేయి మాత్రం వేరు.

జర్మనీలో బిస్మార్క్ హయాంలో, 1883లో కార్మికుల అనారోగ్య బీమా చట్టం వచ్చింది. కార్మికుడు, యజమాని తమ వంతు చందా కడతారు. జబ్బు చేసినప్పుడు ఆ నిధి ఆదుకుంటుంది. బ్రిటన్ మరొక మార్గాన్ని ఎంచుకొంది. అక్కడ 1948 జూలై 5న ప్రారంభమైన జాతీయ ఆరోగ్య సేవ ముఖ్యంగా పన్నుల ఆదాయంతో నడుస్తుంది. అమెరికాలో 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ ఏర్పడినా, అధికసంఖ్యాకులకు ప్రైవేటు బీమాయే ఆధారం.

భారతదేశంలో ఈ పద్ధతులన్నీ కలగలిసి ఉన్నాయి. ఆ కలయికను చూడడానికి పోచంపాడు నుంచి బోధన్ వరకు గల ప్రాంతం చాలు.

పోచంపాడు వద్ద గోదావరిని దాటి జాతీయ రహదారిపై దక్షిణంగా వస్తే డిచ్‌పల్లి తగులుతుంది. స్కాట్లండ్‌కు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠురోగులకు వైద్యశాల నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ భారీ విరాళమిచ్చారు. ఊరు వెలివేసిన వారికి ఆ వైద్యశాలే ఇల్లయింది. ఇది దాతృత్వంపై నడిచిన వైద్యం. దాత లేనిచోట ఇటువంటి వైద్యశాల లేదు. ఆ పరిమితి కుష్ఠు విషయంలో క్రమంగా తొలగింది. 1995 నుంచి దీని మందులు ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా అన్ని దేశాల రోగులకూ ఉచితంగా అందుతున్నాయి.

బోధన్ కథ వేరు. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం ఆ పట్టణానికి పేరు తెచ్చింది. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం జర్మనీ పద్ధతికి భారతీయ రూపం. అయితే ఆ చట్టం సీజనులో మాత్రమే నడిచే కర్మాగారాలను మినహాయించింది. ఆ జాబితాలో చక్కెర తయారీ కూడా ఉంది. గానుగ ఆడేది కొన్ని నెలలే. జ్వరానికి మాత్రం సీజను లేదు! ఇక చెరకు పండించే రైతుకు చందా కట్టే యజమానే లేడు.

ఇంటివద్ద బీడీలు చుట్టే స్త్రీల కోసం 1976లో సంక్షేమ నిధి ఏర్పడింది. బీడీలపై విధించిన సుంకంతో వారికి దవాఖానలు నడిచాయి. ఆ సుంకం 2017లో రద్దయింది.

మిగిలినవారికి దిక్కు పన్నుల డబ్బుతో నడిచే ప్రభుత్వ వైద్యశాల. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. నిజామాబాద్‌లో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. పెద్ద జబ్బులకు ప్రైవేటు ఆసుపత్రి తప్పని పేదల కోసం 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తొలుత మూడు జిల్లాలకే పరిమితమైన ఈ పథకం తరువాత నిజామాబాద్‌తో సహా రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఇందులో చికిత్స జరిపేది ప్రభుత్వ వైద్యశాలయినా ప్రైవేటుదైనా, బిల్లు చెల్లించేది ప్రభుత్వం. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి ఏటా గల పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది.

ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకే వర్తిస్తుంది. గుండె ఆపరేషనుకు ఒక్క రూపాయి చెల్లించని రైతు, ఆపైన నెలనెలా వాడవలసిన రక్తపోటు మాత్రలను ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా తీసుకోవచ్చు. అక్కడ నిల్వ లేని రోజున మందుల దుకాణంలో తన జేబునుంచే చెల్లించాలి.