ముందు బెంచీ ఒక్కటే చాలదు

మీ పాపకు వినికిడి యంత్రం పెట్టించి మామూలు బడిలోనే చేర్చారా? మంచి పని. అయితే ముందు బెంచీలో కూర్చోబెట్టమని చెప్పి ఊరుకోకండి. యంత్రం టీచర్ గొంతునే కాదు, ఫ్యాను చప్పుడునూ బెంచీలు జరిపే మోతనూ పెంచి వినిపిస్తుంది. టీచర్ రెండు మీటర్లు దాటి వెళ్తే మాట స్పష్టత తగ్గుతుంది. బోర్డువైపు తిరిగి చెబితే పెదాల కదలికా కనిపించదు. రాయడం ముగించి, పిల్లలవైపు తిరిగి చెప్పమని అడగండి. ‘అర్థమైందా?’ అంటే చాలామంది పిల్లలు తలూపేస్తారు. ఏం విన్నదో పాపతోనే చెప్పిస్తే అసలు సంగతి తెలుస్తుంది. అడగటానికి మొహమాటమెందుకు? అవసరాన్నిబట్టి ఇలాంటి సర్దుబాట్లు చేయాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. సాయంత్రం పాప చిరాకు పడుతోందా? రోజంతా చెవులు రిక్కించి వినడం పెద్ద అలసటే. ఇంటికి రాగానే హోంవర్కు ముందు కూర్చోబెట్టకండి.