వినపడితే బటన్ నొక్కండి

టెలిఫోను పుట్టిన మూడేళ్లకే ఆడియోమీటరు పుట్టింది. 1879లో లండన్‌లో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ తీగచుట్టలతో ఒక తూనిక పరికరం చేశాడు. రెండు చుట్టలు ఎదురెదురుగా కదలకుండా ఉంటాయి. వాటి మధ్య మూడోది జరుగుతుంటుంది, దానికి టెలిఫోను రిసీవరు కలిపి ఉంటుంది. మూడో చుట్ట సరిగ్గా తూగేచోట ఉంటే రిసీవరులో చడీచప్పుడూ ఉండదు. పక్కకి జరిపేకొద్దీ శబ్దం పెరుగుతుంది. ఎంత జరిపాక వినపడిందో స్కేలు మీద చూసుకోవచ్చు. బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ అనే వైద్యుడు దీన్ని మనుషుల చెవులకు పెట్టి చూసి, ఆడియోమీటరని పిలిచాడు.

అంతకుముందు వైద్యులకు ఉన్నవి గడియారం చప్పుడు, గుసగుస, ట్యూనింగ్ ఫోర్కు. ఈ గదిలో గుసగుసకీ పక్క ఊళ్లో గుసగుసకీ పోలిక ఎక్కడ? హ్యూస్ పెట్టె శబ్దానికి మెట్లు కట్టింది గానీ, కీచు నుంచి బొంగురు దాకా రకరకాల శబ్దాలను విడివిడిగా పుట్టించే శక్తి దానికి లేదు. అందుకు వాక్యూం ట్యూబు రావాల్సి వచ్చింది. 1922 ప్రాంతంలో న్యూయార్క్ చెవి వైద్యుడు ఎడ్మండ్ ఫౌలర్, టెలిఫోను కంపెనీలో పనిచేసే వెగెల్, హార్వే ఫ్లెచర్ల కృషితో వెస్టర్న్ ఎలక్ట్రిక్ 1-ఎ తయారైంది. 32 నుంచి 16,384 హెర్ట్జ్ దాకా పలికేది. మనిషి చెవి మీద టెలిఫోను కంపెనీకి అంత శ్రద్ధ ఎందుకంటే, తీగ మీద మాట ఎంత అరిగిపోతే అవతలివాడికి అర్థం కాదో తేల్చడం వాళ్ల వ్యాపారానికే అవసరం.

ఇవాళ ఆడియాలజిస్టు దగ్గర జరిగేది ఆ పరీక్షే. శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోను తగిలించి, చేతికి బటన్ ఇస్తారు. వినపడితే నొక్కాలి. నొక్కగానే శబ్దం 10 డెసిబెల్స్ తగ్గుతుంది. నొక్కకపోతే 5 పెరుగుతుంది. అలా దిగుతూ ఎక్కుతూ, సగం సార్లైనా వినపడే అతి చిన్న శబ్దం దగ్గర గ్రాఫు మీద గుర్తు పెడతారు. కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమకి నీలం ఇంటూ. గ్రాఫు పైన ఉండే సున్నా డెసిబెల్ నిశ్శబ్దమేమీ కాదు. చెవులు బాగున్న కుర్రకారుకి సగటున వినీవినపడనట్టుండే శబ్దం అది. ఒక చెవికి ఇచ్చిన పెద్ద శబ్దం పుర్రె ఎముక గుండా రెండో చెవికి పాకి, అది విని బటన్ నొక్కే ప్రమాదమూ ఉంది. అందుకే అవసరమైనప్పుడు రెండో చెవిలో హోరు పోసి దాన్ని పక్కన పెడతారు. చెవి వెనక ఎముకకు చిన్న కంపకం ఆనించి మళ్లీ పరీక్షిస్తే, లోపం మధ్య చెవిలోనా లోపలి చెవి, నరం వైపా అన్నది తేలుతుంది.

బటన్ నొక్కలేని పసివాళ్ల సంగతి? 1978లో డేవిడ్ కెంప్ లండన్‌లో ఒక వింత కనిపెట్టాడు. లోపలి చెవి వినడమే కాదు, తిరిగి సన్నగా పలుకుతుంది కూడా. ఆ ప్రతిధ్వనిని మైకుతో పట్టి నవజాత శిశువులను పరీక్షిస్తున్నారు. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి నరాల స్పందన చూసేది మనవాళ్లంతా బెరా అనే పరీక్ష. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్లకు వెళ్లినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేగాని లెక్కలోకి రారు. బటన్ మీద మాత్రమే ఆధారపడితే కొందరు విన్నా నొక్కరు మరి.

గ్రాఫు వచ్చింది. ఇక చెవి మిషను ఏది? 60 డెసిబెల్స్ లోటుంటే 60 పెంచితే సరిపోదా అనిపిస్తుంది. మామూలు మాట 60 పైనే ఉంటుంది, దానికి మరో 60 కలిపితే చెవులు పగిలిపోతాయి. మన ఇళ్లలో రోజూ చూసేదే.

"తాతయ్యా, భోజనానికి రా!"

"ఆఁ? ఏంటీ?"

"భోజనానికి రమ్మంటున్నా!"

"ఎందుకురా అలా అరుస్తావు, నాకేమన్నా చెవుడా?"

తాతయ్య తప్పేం లేదు. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దాలు అందవు, పెద్దవి మాత్రం ఎప్పటంత పెద్దగానే తగులుతాయి. వాటి మధ్య చోటు ఇరుకైపోతుంది. 1940లలో శామ్యూల్ లిబార్గర్ లోటులో దాదాపు సగం పెంచితే చాలన్నాడు. 1976లో ఆస్ట్రేలియా నేషనల్ అకౌస్టిక్ లాబరేటరీస్‌లో డెనిస్ బర్న్ తదితరులు దాన్ని ఒక్కో ఫ్రీక్వెన్సీకీ విడిగా లెక్కగట్టారు. ఆ లెక్కల వారసులే నేటి మిషన్లలో నడుస్తున్నాయి. చిన్న శబ్దాన్ని బాగా, పెద్దదాన్ని తక్కువగా పెంచుతాయి.

అయినా పెద్దవాళ్ల మొర మరొకటి ఉంది: "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు." అచ్చులు బలంగా ఉంటాయి, స, త, ప లాంటి హల్లులు నీరసం, వయసుతో ముందు పోయేది కీచు శబ్దాల వినికిడే. కత్తి, పత్తి రెండూ ఒకేలా చేరతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో వినికిడి దెబ్బతిన్న సైనికులకు రేమండ్ కార్‌హార్ట్ అందుకే ఒక్కో మిషనూ పెట్టించి, మాటలు చెప్పి, హోరులోనూ చెప్పి, ఏది నప్పిందో చూసేవాడు. తెలుగువాడికి ఆ పరీక్ష తెలుగు మాటలతోనే జరగాలి. ఇంగ్లీషు జాబితా చదివితే చెవిని పరీక్షించినట్టా, చదువుని పరీక్షించినట్టా?

నా దృష్టిలో మిషను ధర కన్నా, చానళ్ల సంఖ్య కన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. కంప్యూటరు గ్రాఫు చూసి వేసే 'ఫస్ట్ ఫిట్' సగటు చెవికి కుట్టిన చొక్కా. నిజంగా మీ చెవిలో ఎంత శబ్దం చేరుతోందో చూడాలంటే సన్నటి మెత్తని గొట్టాన్ని కర్ణభేరికి కొన్ని మిల్లీమీటర్ల దూరం దాకా పంపి, మిషను పెట్టి, మాటలు వినిపించాలి. తెర మీద ఉండాల్సిన గీత, ఉన్న గీత రెండూ కనిపిస్తాయి. రెంటికీ మధ్య ఖాళీ ఉంటే అక్కడే కూర్చుని సరిచేయొచ్చు. ఆ పరికరం ఉందా, వాడతారా అని డబ్బు కట్టకముందే అడగండి.