కలుపులోని పువ్వు: ఝరాసంగం చేలలో గునుగు గుర్తింపు

జహీరాబాద్ సమీపంలోని ఝరాసంగం కేతకీ సంగమేశ్వర క్షేత్రంగా ప్రసిద్ధం. మొగలిపువ్వును పేరులోనే నిలుపుకున్న ఈ ఊరి చుట్టుపక్కల చేలలో భాద్రపదం వచ్చేసరికి ప్రముఖంగా కనిపించేది మాత్రం వేరొక పువ్వు. జొన్న, కంది సాళ్ల మధ్య, గట్ల వెంట వెండిరంగు కంకులతో నిలిచే ఆ మొక్క గునుగు. వ్యవసాయశాస్త్రం దీనిని కలుపుగా లెక్కిస్తుంది. బతుకమ్మను పేర్చే స్త్రీకి ఇది తంగేడుకు జతపువ్వు. కలుపు తీసే స్త్రీకి లేతదశలో ఇది కూరాకు. ఒకే మొక్కకు ఉన్న ఈ మూడు గుర్తింపులలో దేనిని చెప్పాలన్నా మిగిలిన రెండింటినీ గమనించక తప్పదు.

తెలంగాణలో ‘గునుగు’ అన్న రూపమే విశేషంగా వాడుకలో ఉంది. ‘గురుగు’ అన్న రూపం కూడా వ్యవహారంలో ఉన్నదే. దానికి ‘కూర’ చేర్చి ‘గురుగుకూర’ అనడంలో ఆ మొక్క ఆహారంగా వినియోగపడిన సంగతి పేరులోనే నిలిచిపోయింది. ‘గునుగు పువ్వు’ అన్నప్పుడు ఆ సంగతి మరుగున పడి పండుగ మాత్రమే స్ఫురిస్తుంది. శాస్త్రీయ నామం సెలోసియా అర్జెంటియా. లిన్నేయస్ 1753లో ఈ పేరు పెట్టాడు. ‘అర్జెంటియా’ అంటే లాటిన్‌లో వెండివన్నె గలది. ఇది తోటకూర కుటుంబమైన అమరాంథేసీకి చెందినది. పెరళ్లలో పెంచే కోడిజుట్టు పువ్వు దీనికి అతిసన్నిహితమైన తోట రూపం.

గుర్తింపులో చిక్కు పూతదశలో రాదు, మొలకదశలో వస్తుంది. అప్పుడు గునుగుకూ అడవి తోటకూరకూ పోలిక ఎక్కువ. గునుగు ఆకులు కాండంపై ఒకదాని తరువాత ఒకటిగా, ఏకాంతరంగా వస్తాయి. సన్నగా, పొడవుగా, బల్లెపుమొన వలె ఉండి నూగు లేకుండా నున్నగా ఉంటాయి. కాడ పొట్టిగా ఉంటుంది, కొన్నిట లేనట్లే ఉంటుంది. తోటకూర ఆకుకు స్పష్టమైన పొడవాటి కాడ ఉంటుంది. గునుగు కాండం నిలువుగా లేచి, దానిపై గాడులు తేలుతాయి. ఎరుపుజీర కూడా ఉండవచ్చు. అదే కుటుంబానికి చెందిన ఉత్తరేణికి ఆకులు ఎదురెదురుగా వస్తాయి. దాని పూలు కాయలయ్యే కొద్దీ కిందికి వంగి బట్టలకు అంటుకుంటాయి. గునుగు కంకి బట్టకు అంటదు. ఈ ఒక్క గుర్తు చాలు, చేనులో నడిచినవారికి రెండింటినీ వేరుచేయడానికి.

పూత కొమ్మ చివర ఒంటికంకిగా వస్తుంది. మొదట మొనదేలి ఉండి, పెరిగే కొద్దీ గుండ్రని కడ్డీ ఆకారం పొందుతుంది. పూలు కిందినుండి పైకి విచ్చుతాయి. అందువల్ల ఒకే కంకిలో అడుగుభాగం తెల్లబడి, కొన గులాబీవన్నెలో ఉంటుంది. నిజానికి వీటికి ఆకర్షణపత్రాలు లేవు. వెండివలె మెరిసేవి ఐదేసి పరిపత్రాలు. అవి కాగితంలా పొడిగా ఉండడం చేత కోసిన తరువాత కూడా వాడిపోవు. బతుకమ్మలో గునుగుకు గల స్థానానికి ఇది ఒక భౌతిక కారణం. తెల్లని ఆ కంకులు రంగు కూడా సులభంగా పట్టుకుంటాయి. కొనలు కత్తిరించి, రంగునీళ్లలో ముంచి, ఆరబెట్టి వరుసలుగా పేర్చే అలవాటు అందువల్లనే సాధ్యమైంది.

ఆహారంగా వాడేది పూతకు ముందరి లేత ఆకు. జహీరాబాద్ ప్రాంతంలో జొన్న చెంచలి, దొగ్గలి, తుమ్మి మొదలైన సాగుచేయని ఆకుకూరల వరుసలోనే గునుగు కూడా వస్తుంది. కలుపు తీస్తూ కొంగులో వేసుకొన్న ఆకు సాయంత్రానికి జొన్నరొట్టెకు తోడవుతుంది. ఇది ఈ నేలకే పరిమితమైన వినియోగం కాదు. నైజీరియాలో ఇదే మొక్కను ‘సోకో’ అన్న పేరుతో విత్తి, మడులు కట్టి పెంచుతారు. అక్కడ పంట, ఇక్కడ కలుపు! కలుపు అన్నది మొక్క స్వభావాన్ని చెప్పే మాట కాదనీ, రైతుకు దానితో గల సంబంధాన్ని చెప్పే మాట అనీ ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు. అయితే కలుపన్నదంతా కూర అని భ్రమించరాదు. అదే గట్టుమీద పెరిగే వయ్యారిభామను ముట్టుకొన్నా చర్మవ్యాధి కలిగే అవకాశం ఉంది.

గునుగు పంటకు నిరపాయకరమైనది కాదన్న సంగతి కూడా చెప్పాలి. నేలలోని తేమకు, పోషకాలకు ఇది పైరుతో గట్టిగా పోటీపడుతుంది. ఒక్క మొక్కే వేలాది గింజలను రాలుస్తుంది. ఏకపంటగా వేసిన జొన్న, మొక్కజొన్న చేలలో రైతులు విత్తిన వెంటనే అట్రజిన్ వంటి కలుపుమందు చల్లుతారు. దానితో వెడల్పాకు మొలకలు మాడిపోతాయి, వాటిలో గునుగు ఒకటి. కాని జొన్నలో కంది, పెసర కలిపి విత్తిన చేనులో ఆ మందు వాడలేరు, పప్పుజాతి పైర్లు కూడా దెబ్బతింటాయి. కలుపును చేతితో తీయవలసిందే. చేతితో తీసేటప్పుడు ఏది పీకాలో, ఏది కొంగులో వేసుకోవాలో, ఏది గట్టున వదలాలో నిర్ణయించే అవకాశం ఉంటుంది. గునుగుకూర మిగలడానికి మిశ్రమసేద్యంతో గల సంబంధం ఇక్కడ ఉంది.

ఈ సంబంధాన్ని ఎత్తిచూపినవారు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలతోపాటు సాగుచేయని ఆకుకూరలను కూడా పంటచేనులో భాగంగానే చూశాయి. ఝరాసంగం మండలంలోని మాచునూరు నుండి 2008లో ప్రసారాలు ప్రారంభించిన సంఘం రేడియోలో పొలం పనులు, విత్తనాలు, తిండి సంగతులు స్థానిక మాండలికంలోనే వినిపిస్తాయి. మాండలిక పదసేకరణ చేసే పరిశోధకులకు ఇది విలువైన ఆకరం. మొక్కల పేర్లు నిఘంటువులో ‘ఒకానొక మొక్క’ అన్న అర్థంతో ముగిసిపోయేచోట, చేనులో వాటికి దశ, రుచి, వాడుక తోడై ఉంటాయి.

పట్టణాల్లో గునుగు ఇప్పుడు కట్టలుగా అమ్ముడుపోతున్నది. కొన్నవారికి పువ్వు తెలుసు. ఆకు తెలియకపోవచ్చు, గింజ తెలిసే అవకాశం ఇంకా తక్కువ. సద్దుల బతుకమ్మనాటికి కోసిన కంకిలో కిందిపూలు అప్పటికే ముదిరి ఉంటాయి. వాటిలోని చిన్న కాయ మూత ఊడినట్లు విచ్చుతుంది. కంకిని అరచేతిలో దులిపితే ఆవగింజకన్న చిన్నవైన, నల్లగా నిగనిగలాడే గింజలు రాలుతాయి.