విరిగిన చీలమండ.. తిరిగొచ్చిన ఆట

2008 ఫిబ్రవరి 23. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరం. సెయింట్ ఆండ్రూస్ మైదానంలో ఆట మొదలై ఇంకా మూడో నిమిషమే. ఆర్సెనల్ ఫార్వర్డ్ ఎడ్వర్డో డ సిల్వా బంతితో ముందుకు కదిలాడు. అడ్డుకోబోయిన డిఫెండర్ మార్టిన్ టేలర్ కాలు బంతికి తగల్లేదు. నేరుగా ఎడ్వర్డో ఎడమ కాలి మీద పడింది. అంతే! చూస్తుండగానే పాదం పక్కకు వేలాడిపోయింది. ఫిబ్యులా ఎముక విరిగింది. చీలమండ కీలు పట్టు తప్పింది. చర్మం చీలి గాయం బయటకు తెరుచుకుంది. ఆ దృశ్యం ఎంత భయంకరంగా ఉందంటే, మ్యాచ్‌ను ప్రసారం చేస్తున్న టీవీ సంస్థ దాన్ని మళ్లీ చూపించకూడదని నిర్ణయించుకుంది. పక్కనే ఉన్న తోటి ఆటగాళ్లు మొహాలు తిప్పేసుకున్నారు.

మరో రెండు రోజుల్లో అతడి పాతికేళ్ల పుట్టినరోజు. అది ఆసుపత్రి మంచం మీదే గడిచింది.

‘ఇక ఇతడు ఆడటం కష్టమే’ అని ఆ రోజు అనుకోని వాళ్లు తక్కువ. కానీ సరిగ్గా ఏడాదికి వారం తక్కువగా, 2009 ఫిబ్రవరి 16న ఎడ్వర్డో మళ్లీ ఆర్సెనల్ చొక్కా వేసుకుని కార్డిఫ్ జట్టు మీద రెండు గోల్స్ కొట్టాడు. ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగింది? ఎముకలు, కీళ్ల గురించి మనమంతా తెలుసుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయిందులో.

రియో నుంచి జాగ్రెబ్‌కు

ఎడ్వర్డో పుట్టింది క్రొయేషియాలో కాదు. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, 1983లో. పదహారేళ్ల వయసులోనే ఊరుగాని ఊరు, భాష తెలియని దేశం వెళ్లి డినామో జాగ్రెబ్ క్లబ్బులో చేరాడు. అక్కడే పెరిగాడు, ఆ దేశ పౌరసత్వం తీసుకున్నాడు. 2004లో క్రొయేషియా జాతీయ జట్టులోకి వచ్చాడు. బక్కపలచటి మనిషి. కండబలంతో నెట్టుకుపోయే రకం కాదు. గోలు ముందు ఎక్కడ నిలబడాలో, బంతిని ఏ క్షణంలో తాకాలో తెలియటమే అతడి బలం. 2006-07 సీజన్‌లో క్రొయేషియా లీగ్‌లో ఏకంగా 34 గోల్స్ చేశాడు. 2006 అక్టోబరులో జాగ్రెబ్‌లో ఇంగ్లండును క్రొయేషియా 2-0తో ఓడించినప్పుడు మొదటి గోలు అతడిదే. యూరో 2008 అర్హత పోటీల్లో మొత్తం 10 గోల్స్. ఇది చూసే 2007 వేసవిలో ఆర్సెనల్ అతడిని లండన్‌కు తెచ్చుకుంది.

అప్పుడప్పుడే అక్కడి ఆటకు అలవాటు పడుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఈ దెబ్బ.

పటకారు ఊడితే

చీలమండ చూడటానికి చిన్న కీలే. కానీ ఒళ్లు బరువంతా దాని మీదే. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. లోపలి వైపున లావుగా ఉండేది టిబియా, బయటి వైపున సన్నగా ఉండేది ఫిబ్యులా. ఈ రెండింటి కింది చివరలూ కలిసి పటకారులా, పాదం పైభాగంలోని టాలస్ అనే ఎముకను రెండు పక్కలా పట్టుకుని ఉంటాయి. చీలమండకు ఇరువైపులా మన చేతికి తగిలే బొడిపెలు ఈ పటకారు కొసలే. ఎముకకూ ఎముకకూ మధ్య గట్టి తాళ్లలాంటి లిగమెంట్లు ఉంటాయి.

ఫిబ్యులా మన బరువులో మోసేది కొంచెమే. ‘సన్న ఎముకే కదా విరిగింది’ అని తేలిగ్గా తీసుకునేది అందుకే. కానీ ఆ పటకారుకు బయటి గోడ అదే. గోడ విరిగి, లిగమెంట్లు తెగితే టాలస్ పక్కకు జారిపోతుంది. ఎడ్వర్డో పాదం వేలాడింది ఇందువల్లే. కీలు ఇలా తొలగినప్పుడు పాదానికి వెళ్లే రక్తనాళాలు మెలిపడొచ్చు, నొక్కుకుపోవచ్చు. రక్తం అందకపోతే గంటల్లోనే కండరాలు, నరాలు దెబ్బతినటం మొదలవుతుంది. కాబట్టి ఎముక ఎలా విరిగిందన్న దానికన్నా ముందు వైద్యులు చూసేది ఒకటే: పాదం వెచ్చగా ఉందా, చల్లబడిందా? రంగు మారిందా? నాడి అందుతోందా?

రెండో ముప్పు ఇన్‌ఫెక్షన్. చర్మం చీలితే మైదానంలోని మట్టి, గడ్డి, మేజోడు పోగులు నేరుగా లోపలికి చేరతాయి. కండరంలో ఇన్‌ఫెక్షన్ అయితే మందులతో తగ్గించొచ్చు. ఎముకలోకి చేరితే మాత్రం నెలల తరబడి వదలదు. తెరుచుకున్న గాయానికి సాధ్యమైతే మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలనీ, ధనుర్వాతం టీకా సంగతి చూడాలనీ, ఆపరేషన్ థియేటర్‌లో గాయాన్ని పూర్తిగా కడిగి శుభ్రం చేయాలనీ అంటున్నది అందుకే.

ఆ రోజు ఎడ్వర్డోకు కలిసొచ్చిన అదృష్టం ఒకటుంది. జట్టు ఫిజియో గ్యారీ లూయిన్ క్షణాల్లో పక్కకు చేరాడు. ఆట ఎన్నో నిమిషాలు ఆగిపోయింది. అతడిని హడావుడిగా ఎత్తుకుపోలేదు. కాలును కదలకుండా నిలబెట్టి, నొప్పి అదుపు చేసి, అప్పుడే స్ట్రెచర్ మీదికి చేర్చారు. అదే నగరంలోని ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది.

టేలర్‌కు ఎర్ర కార్డు, మూడు మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. ‘అతడు మళ్లీ ఆడకూడదు’ అని కోపంలో అనేసిన ఆర్సెనల్ కోచ్ ఆర్సీన్ వెంగర్ అదేరోజు ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. టేలర్ ఆసుపత్రికి వెళ్లి ఎడ్వర్డోను చూసి వచ్చాడు. ఆ గొడవ మీద అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. మనకిక్కడ అది అనవసరం.

కనపడని పది నెలలు

ఎముకలు అతుక్కోవటానికి మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు. తెరుచుకున్న గాయమైతే ఇంకొంత ఎక్కువ. మరి ఎడ్వర్డోకు ఏడాది దాకా ఎందుకు పట్టింది?

ఎందుకంటే ఎక్స్‌రేలో ఎముక అతికినట్టు కనపడటం వేరు, కాలు బాగవటం వేరు. కాలును కదపకుండా ఉంచిన రెండు మూడు వారాల్లోనే పిక్క సన్నబడటం కంటికి కనపడుతుంది. కీలు బిగుసుకుపోతుంది. పాదాన్ని పైకి ఎత్తబోతే లేవదు. అన్నింటికన్నా మొండిది, బయటకు కనపడనిది మరోటుంది. మన కీళ్లలో, లిగమెంట్లలో ఉండే సూక్ష్మ నాడులు ‘పాదం ఇప్పుడు ఏ కోణంలో ఉంది’ అన్న కబురును క్షణక్షణం మెదడుకు పంపుతుంటాయి. చీకట్లో మెట్లు దిగగలుగుతున్నామంటే ఈ కబుర్ల పుణ్యమే. లిగమెంట్లు తెగినప్పుడు ఈ వ్యవస్థ కూడా దెబ్బతింటుంది. దాన్ని మళ్లీ నేర్పించాలి. ఒంటికాలి మీద నిలబడటం, కళ్లు మూసుకుని నిలబడటం, ఊగే పలక మీద నిలబడటం.. చూసేవాళ్లకు పిల్లల ఆటలా ఉంటుంది. చేసేవాళ్లకు చెమటలు పడతాయి.

ఆ వేసవిలో యూరో 2008 జరిగింది. క్రొయేషియాను అక్కడిదాకా తెచ్చినవాడు లేకుండానే జట్టు ఆడింది. క్వార్టర్ ఫైనల్లో టర్కీ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. అతడు మళ్లీ మైదానంలో దిగింది డిసెంబరు 16న, అదీ రిజర్వు జట్టు మ్యాచ్‌లో. అప్పటికి దాదాపు పది నెలలు.

ఫిబ్రవరిలో కార్డిఫ్ మీద ఒక గోలు తలతో, ఇంకోటి పెనాల్టీతో కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. కానీ అదే మ్యాచ్‌లో తొడ వెనక కండరం పట్టేసి మధ్యలోనే బయటకు రావాల్సి వచ్చింది. ఇది కేవలం దురదృష్టం అనుకోవటానికి లేదు. పెద్ద గాయం నుంచి కోలుకున్న వాళ్లలో తరచూ కనపడే తంతే ఇది. నెలల తరబడి ఒక కాలిని కాపాడుకుంటూ నడిస్తే బరువు తెలియకుండానే మిగతా కండరాల మీదికి మారుతుంది. చీలమండ సరిగా వంగకపోతే ఆ లోటును మోకాలు, తొడ, నడుము పూడ్చాలి. వాటికి అంత ఓపిక ఉండదు. మన ఇళ్లలోనూ చూస్తుంటాం. కాలు విరిగి నయమైన ఆరు నెలలకు నడుంనొప్పి అని మొదలుపెడతారు. రెంటికీ సంబంధం ఉందని తట్టదు.

మార్చిలో మళ్లీ వచ్చాడు. బర్న్‌లీ మీద గాల్లో వచ్చిన బంతిని పాదం బయటి అంచుతో తాకి కొట్టిన గోలు చూస్తే చాలు, పాదం మాట వింటోందని అర్థమవుతుంది. పాదాన్ని అలా లోపలికి తిప్పి గాల్లో అంత సున్నితంగా బంతిని తాకాలంటే చీలమండ మీద నమ్మకం ఉండాలి. నన్నడిగితే అతడు కోలుకున్నాడనటానికి కార్డిఫ్ మీది రెండు గోల్స్ కన్నా ఇదే పెద్ద సాక్ష్యం.

అయితే మునుపటి ఎడ్వర్డో పూర్తిగా తిరిగొచ్చాడా? లేదనే చెప్పాలి. ఆర్సెనల్‌లో ఆ తర్వాత గోల్స్ తగ్గాయి. 2010లో ఉక్రెయిన్‌లోని షాక్తర్ డోనెట్స్క్‌కు మారాడు. ఆర్సెనల్‌లోనే అబూ డియాబీ అనే ఇంకో ఆటగాడికి 2006 మేలో ఇలాగే చీలమండ దెబ్బతింది. అతడికి ఆ తర్వాత గాయం మీద గాయం. కెరీర్ మొత్తం ఆసుపత్రులకే సరిపోయింది. ఎక్కడ విరిగింది, కీలు లోపలి నున్నటి మృదులాస్థి ఎంత దెబ్బతింది, ఎముకలు ఎంత కచ్చితంగా కుదిరాయి.. ఇలాంటి చిన్న తేడాలే ఇద్దరి దారులను వేరు చేసేస్తాయి. టాలస్ ఒకట్రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి అతికినా, ఏళ్లు గడిచాక కీలు అరగటానికి అది చాలు.

మన దగ్గరైతే

మనకు ఇలాంటి గాయాలు ఆట మైదానాల్లో కన్నా రోడ్ల మీదే ఎక్కువ. బైకు పక్కకు పడి కాలు కింద ఇరుక్కుంటుంది. లేదా తడి బాత్‌రూమ్‌లో జారతారు. చుట్టూ జనం పోగవుతారు. ఎవరో ఒకరు పాదం పట్టుకుని లాగి ‘సరిచేసే’ ప్రయత్నం చేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. కాలు ఎలా ఉంటే అలాగే, కింద ఓ దిండో మడిచిన దుప్పటో పెట్టి అటూ ఇటూ కదలకుండా కట్టండి. గాయం తెరుచుకుని ఉంటే పసుపు, కాఫీ పొడి, పేస్టులాంటివేవీ పూయకుండా శుభ్రమైన గుడ్డ కప్పండి. రక్తం కారుతుంటే గాయం పక్కన అదిమి పట్టుకోండి. బయటకు కనపడే ఎముకను లోపలికి నెట్టొద్దు. వాపు రాకముందే కాలి మెట్టెలు, పట్టీలు తీసేయండి. ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. మత్తు ఇవ్వాల్సి రావొచ్చు. 108కి ఫోన్ చేయండి.

చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు ఎంత పేరుందో అందరికీ తెలుసు. ఎవరి నమ్మకం వాళ్లది. కానీ చర్మం చీలినా, పాదం చల్లబడినా, కీలు పక్కకు తిరిగినా ముందు వెళ్లాల్సింది ఎముకల శస్త్రచికిత్స నిపుణులున్న ఆసుపత్రికే. బిగుతుగా కట్టిన కట్టు కింద కాలు ఉబ్బితే రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదముంది. పిండికట్టు వేయించుకున్న వాళ్లకూ ఈ జాగ్రత్త తప్పదు. మందులకు లొంగని నొప్పి, వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత బాధ, తిమ్మిరి, వేళ్లు పాలిపోవటం కనపడితే తెల్లారేదాకా ఆగొద్దు. పిక్క ఉబ్బి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా కాలి రక్తనాళాల్లో గడ్డ ఏర్పడిందేమో చూడాలి.

మధుమేహం ఉన్నవాళ్లలో గాయం మానటం ఆలస్యం, ఇన్‌ఫెక్షన్ల బెడద ఎక్కువ. పొగ తాగేవాళ్లలో ఎముక అతకటం నెమ్మదిస్తుంది. ఎముక అతికేదాకానైనా సిగరెట్టు మానమంటే ‘రోజుకు రెండే డాక్టర్’ అంటారు. ఆ రెండూ ఎందుకన్నదే ప్రశ్న. ఇక అందరూ ఎగ్గొట్టేది ఫిజియోథెరపీ. కట్టు విప్పిన రోజే బాగైపోయినట్టు లెక్క. అసలు పని మొదలయ్యేది ఆ రోజే.

2010 అక్టోబరులో ఎడ్వర్డో షాక్తర్ తరఫున లండన్‌లోని ఆర్సెనల్ మైదానానికి వచ్చాడు. పాత జట్టు మీదే గోలు కొట్టాడు. సొంత జట్టు మీద గోలు కొట్టిన అతడికి ఆర్సెనల్ అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2014 ప్రపంచకప్‌కు క్రొయేషియా జట్టుతో తాను పుట్టిన బ్రెజిల్‌కే వెళ్లాడు. జాతీయ జట్టుకు 64 మ్యాచ్‌ల్లో 29 గోల్స్ చేశాడు. అప్పటికి క్రొయేషియా తరఫున అంతకన్నా ఎక్కువ కొట్టినవాడు దావర్ షుకర్ ఒక్కడే. తర్వాత ఫ్లమెంగో, మళ్లీ షాక్తర్, ఆపై బ్రెజిల్‌లో మరో క్లబ్బు. 2018లో పోలండ్‌లోని లెగియా వార్సాకు ఆడేటప్పటికి అతడికి 35 ఏళ్లు. చీలమండ విరిగి పదేళ్లు.