రాయికి నార ఎలా వచ్చింది?

రాతినార, అదే ఆస్బెస్టాస్, చూడాలంటే కడప జిల్లా పులివెందుల వైపు రావాలి. బ్రాహ్మణపల్లె దగ్గర దాన్ని తవ్విన గనులుండేవి.

అక్కడి వేంపల్లె డోలమైట్ రాయిలో మెగ్నీషియం దండిగా ఉంది. దాని పొరల మధ్యకు భూగర్భం నుంచి మాగ్మా చొరబడి, గడ్డకట్టి డోలరైట్ అయింది. పులివెందుల దగ్గరి ఒక డోలరైట్ పొర వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేల్చారు! ఆ మాగ్మా వేడికి, సిలికా కలిసిన వేడినీళ్లకి పక్కనున్న డోలమైట్ ఆకుపచ్చ సర్పెంటైన్‌గా మారింది. దాని పగుళ్లలో పెరిగిందే క్రిసోటైల్ అనే రాతినార. పగులు గోడలకి అడ్డంగా, పట్టులా మెరుస్తూ పోగులు కనిపిస్తాయి.

పోగులే ఎందుకు? క్రిసోటైల్‌లో సిలికా పొర, మెగ్నీషియం పొర జంటగా అతుక్కుని ఉంటాయి. మెగ్నీషియం పొర కాస్త పెద్దది. రెండూ సరిపోక, జంట మొత్తం చాపలా చుట్టుకుపోతుంది. ఒక్కో చుట్టా కంటికి కనిపించనంత సన్నని గొట్టం.

ఆ సన్నదనమే ప్రమాదం. పోగులు దుమ్ముగా లేచి ఊపిరితిత్తుల్లో దిగబడితే, ఏళ్ల తర్వాత క్యాన్సర్ రావచ్చు. 1986లో మన దేశంలో ఆస్బెస్టాస్ గనులకి కొత్త లీజులు ఆపేశారు. పాత గుంతల్లో మెరిసే రాయి దొరికినా గీకొద్దు, నలపొద్దు.