పాడుబడిన ఇంట్లో కెమెరా ఎందుకు తడబడుతుంది?

గోదావరి జిల్లాల్లో తాళం పడిన పాత మండువా లోగిలి ఎప్పుడైనా చూశారా? నడిమధ్య కప్పు లేని మండువాలో ఎండ మండిపోతుంటుంది. చుట్టూ ఉన్న గదులేమో చీకటి గుయ్యారం. మన కన్ను ఈ రెంటికీ సర్దుకుంటుంది. కెమెరాకు అంత ఓపిక లేదు. గది కనబడేలా తీస్తే మండువా తెల్లగా వెలిసిపోతుంది, మండువా కనబడేలా తీస్తే గది నల్లటి మచ్చవుతుంది.

దీనికి తోడు, ఎదుట ఉన్నది సున్నం గోడో మసిబారిన తలుపో కెమెరాలోని మీటరుకు తెలియదు. దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగుగానే లెక్కేస్తుంది. తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతం వెనక్కి పంపే రంగు అది. అందుకే సున్నం గోడ మురికిగా, నల్ల తలుపు పాలిపోయినట్టు వస్తాయి. దిద్దాల్సింది మనమే. గోడకు ఎక్స్‌పోజర్ +1, తలుపుకు -1 పెట్టి చూడండి. ఒక్కో అంకెకు వెలుగు రెట్టింపో సగమో అవుతుంది.

గదీ మండువా రెండూ ఒకే ఫొటోలో కావాలంటే? కెమెరాను స్టాండు మీద కదలకుండా నిలిపి -2, 0, +2 దగ్గర మూడు తీసి, తర్వాత కలపాలి. ఫోనులో హెచ్‌డీఆర్ చేసేదీ దాదాపు ఇదే. అతిగా కలిపితే మాత్రం నీడలన్నీ పోయి ఇల్లు నిన్న కట్టినట్టుంటుంది! నాకైతే మూలలు కాస్త నల్లగా ఉంటేనే ఇష్టం.

ఒకే ఫొటోతో సరిపెట్టాలంటే వెలుగు వైపే జాగ్రత్త పడండి. పూర్తిగా తెల్లబడిన చోట వివరం మళ్లీ రాదు, నీడలోంచి కొంత లాగవచ్చు. ఇల్లు పాడుబడింది కనుక ఇంటివాళ్లను అడిగి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. కప్పు కుంగిన గదిలో అడుగు పెట్టొద్దు. నడినెత్తిన ఎండ లేని వేళయితే ఈ వెలుగునీడల తంటా చాలావరకు తగ్గుతుంది.