మందులతో పాటు ఆమెకు ఇల్లు కూడా కావాలి

చిరిగిన బట్టలతో, తనలో తాను మాట్లాడుకుంటూ వీధిలో తిరిగే స్త్రీని చూసి "పిచ్చిది" అనుకుని తప్పుకుపోతాం. ఆమెకు ఉన్నది ఒక్క జబ్బే కాకపోవచ్చు. మానసిక వ్యాధితో పాటు రక్తహీనత, మానని పుండ్లు, కొందరికి గర్భం, లైంగిక హింస వల్ల పట్టుకున్న భయం కూడా ఉండవచ్చు.

మందులు వాడితే చాలామందికి నెమ్మదిస్తుంది. చిక్కు ఆ తరువాత వస్తుంది. తీసుకువెళ్లేవారు లేక కొందరు ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉండిపోతారు. తిరిగి వీధిన పడినవారికి మందులు ఆగిపోయి జబ్బు తిరగబెడుతుంది.

తోడు ఉన్న ఇల్లు అంటే ఏమిటి?

ఇలాంటి స్త్రీల కోసం వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్ 1993లో చెన్నైలో 'ది బాన్యన్' సంస్థను స్థాపించారు. ఆ సంస్థ 2015లో 'హోమ్ అగైన్' పద్ధతిని మొదలుపెట్టింది. ఇందులో నలుగురైదుగురు కలిసి ఊళ్లోనే మామూలు అద్దె ఇంట్లో ఉంటారు. వంట, బజారు పని, ఇరుగుపొరుగుతో మాటలు అన్నీ మామూలే. తోడుగా సహాయకురాలు ఉంటుంది. ఒకరికి స్నానం నుండి మందుల వరకు సాయం కావాలి, మరొకరికి కాస్త కనిపెట్టి ఉంటే చాలు. ఎవరికి ఎంత అవసరమో అంతే సాయం చేస్తారు.

చట్టం ఏమి చెబుతుంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, ఇల్లు లేదనో ఇంటివారు వద్దన్నారనో ఎవరినీ మానసిక ఆసుపత్రిలో ఉంచేయకూడదు. అలాంటివారికి సమాజం మధ్యనే వసతి కల్పించడం ప్రభుత్వ బాధ్యత. మానసిక వ్యాధితో, తన్ను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నవారిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటలలోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

కుటుంబ సభ్యులకు సూచనలు

"సిస్టర్, ఇంటికి తీసుకుపోలేం, ఏం చెయ్యాలి?" అని కొందరు ఏడుస్తూ అడుగుతారు. అలా అడగడం తప్పు కాదు. చెప్పకుండా వదిలి వెళ్లడమే ప్రమాదం.

1. తప్పుడు చిరునామా ఇవ్వకండి. మీ ఇబ్బందిని డాక్టరుతో, సోషల్ వర్కరుతో దాచకుండా చెప్పండి.

2. ఆమె ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, మందుల చీటీలు ఆమెకు అందేలా చూడండి.

3. వేరే చోట ఉంచినా రాకపోకలు మానకండి. పండుగకు పిలవండి, ఫోన్ చేయండి.

4. నెమ్మదించిందని డాక్టరును అడగకుండా మందులు ఆపకండి.

5. సలహా కోసం టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో చూసుకోలేకపోతే ఇక వీధే గతి అనుకోకండి. ఈ రెండింటికీ నడుమ తోడు ఉన్న ఇల్లు అనే దారి ఉంది. ఆమెను డిశ్చార్జి చేయకముందే దాని గురించి అడగండి.